రౌటర్ బాగానే ఉంది, ఆపింది సైటును

ఒక సైటు తెరుచుకోదు. పక్కింటివాళ్ల ఫోన్‌లో మాత్రం అదే సైటు వస్తుంది. రౌటర్ ఆపి మళ్లీ పెడతాం, కేబుల్ పీకి గుచ్చుతాం, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "మా వైపు అంతా బాగానే ఉందండీ" అంటారు. మన దేశంలో ప్రభుత్వం సైట్లను బ్లాక్ చేయించడం చాలాసార్లు ఇలాగే కనిపిస్తుంది. ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో చెప్పే బోర్డు కూడా ఉండదు. ఈ నిర్బంధ వడపోతను నేను వ్యతిరేకిస్తాను. ఎందుకో చెప్పాలంటే ముందు అది వైర్ల మీద ఎలా నడుస్తుందో చెప్పాలి.

సైటు పేరు కొట్టగానే ఫోను మొదట డీఎన్‌ఎస్ సర్వర్‌ని దాని ఐపీ నంబరు, అంటే నెట్‌లో దాని చిరునామా, అడుగుతుంది. మనం ఏమీ మార్చకపోతే ఆ సర్వర్ కనెక్షన్ ఇచ్చిన కంపెనీదే. అక్కడ తప్పుడు నంబరు చెప్పిస్తే పని అయిపోతుంది. ఇది అన్నిటికంటే చవకైన పద్ధతి. ఇంకో పద్ధతిలో ఆ ఐపీ నంబరుకు వెళ్లే దారినే మూసేస్తారు. మూడోది కాస్త తెలివైనది. హెచ్‌టీటీపీఎస్‌లో పేజీ అంతా తాళం వేసుకునే ప్రయాణిస్తుంది గానీ, తాళం పడకముందు వెళ్లే మొదటి ప్యాకెట్‌లో సైటు పేరు బయటికే ఉంటుంది. ఒకే సర్వర్ మీద వందల సైట్లుంటాయి కాబట్టి, ఏ సర్టిఫికెట్ చూపించాలో సర్వర్‌కి ముందే తెలియాలి. అందుకని ఆ పేరు అక్కడ ఉంటుంది. దాన్ని ఎస్‌ఎన్‌ఐ అంటారు. నెట్ ప్యాకెట్లను చూపించే వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ ప్యాకెట్ తెరిచి చూడండి: హెక్స్ అంకెల పక్కనే సైటు పేరు అక్షరం అక్షరం చదవొచ్చు. మధ్యలో కూర్చున్న యంత్రమూ అదే చదివి, జాబితాలో ఉంటే లైను తెంపేస్తుంది. జియోలో ఈ పద్ధతి నడుస్తోందని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ పరిశోధకులు 2019లో చూపించారు. వేర్వేరు కంపెనీల జాబితాలు ఒకదానితో ఒకటి కలవడం లేదని కూడా వాళ్లే తేల్చారు. పక్కింట్లో సైటు రావడానికి కారణం ఇదే కావచ్చు.

ఈ మూడు పద్ధతుల్లోనూ మధ్యలోని యంత్రానికి పేరో నంబరో కనిపిస్తుంది తప్ప పేజీ కనిపించదు. లక్ష పేజీల సైటులో ఒక్క పేజీని ఆపమన్నా అది ఆపగలిగింది మొత్తం సైటునే. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అంటామే, ఇక్కడ యంత్రానికి వేరే దారి లేదు.

పాత హెచ్‌టీటీపీ రోజుల్లోనూ ఇదే గతి. 2003 సెప్టెంబరులో మేఘాలయకు చెందిన ఒక చిన్న యాహూ గ్రూపును (ఈమెయిల్ చర్చా వేదికను) ఆపమంటే, కంపెనీలు యాహూ గ్రూప్స్ మొత్తాన్ని ఆపేశాయి. 2006 జులైలో, ముంబై రైలు పేలుళ్ల తర్వాత, కొన్ని పేజీల జాబితా ఇస్తే బ్లాగ్‌స్పాట్ అంతా ఆగిపోయింది. తెలుగు బ్లాగులు అప్పుడప్పుడే మొలకెత్తుతున్న రోజులవి, అందులో చాలావాటి ఇల్లు బ్లాగ్‌స్పాటే. కవిత రాసుకున్నవాళ్లకీ, వంటలు రాసుకున్నవాళ్లకీ ఆ జాబితాతో ఏ సంబంధమూ లేదు. 2014 డిసెంబరులో 32 యూఆర్‌ఎల్‌ల జాబితాలో ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్, వీడియోల సైటు విమియో, రాతలు పంచుకునే పేస్ట్‌బిన్, పాత పేజీలు భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ పడ్డాయి. 2022లో వీఎల్‌సీ ప్లేయర్ అధికారిక సైటు నెలల తరబడి తెరుచుకోక, నవంబరులో తిరిగి వచ్చింది. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ చివరిదే. అసలు సైటు మూసుకుపోతే జనం ప్లేయర్ వాడటం మానరు, ఎక్కడ దొరికితే అక్కడి నుంచి దించుకుంటారు. వైరస్ కలిపిన నకిలీ ఫైళ్లు పెట్టేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

ఐపీ నంబరు ఆపితే నష్టం ఇంకా పెద్దది. ఆస్ట్రేలియాలో 2013లో కంపెనీల నియంత్రణ సంస్థ ఒక మోసపు సైటు కోసం ఒక్క ఐపీని ఆపిస్తే, దాని మీదే ఉన్న 1,200కు పైగా సైట్లు పోయాయి. పాకిస్తాన్‌లో 2008 ఫిబ్రవరి 24న యూట్యూబ్‌ను దేశం లోపల ఆపబోయి యూట్యూబ్‌కు దారి మా దగ్గరే ఉందన్నట్టు తప్పుడు రూటును బయటి ప్రపంచానికి ప్రకటించారు. ప్రపంచమంతటా యూట్యూబ్ దాదాపు రెండు గంటలు పడిపోయింది.

ఇక చట్టం సంగతి. సైట్లు ఆపించే అధికారం ఇచ్చేవి ఐటీ చట్టం 69ఎ సెక్షన్, దాని కింద 2009 నిబంధనలు. దేశ సార్వభౌమత్వం, రక్షణ, ప్రజాశాంతి లాంటి కారణాలకే ఆదేశం ఇవ్వాలి, కారణం రాతలో ఉండాలి. రూల్ 8 ప్రకారం నోటీసు ఇచ్చి జవాబుకు కనీసం 48 గంటలు గడువివ్వాలి. అత్యవసరమైతే రూల్ 9 కింద ముందు ఆపి తర్వాత ఇలాంటి ఆదేశాలను పరిశీలించే కమిటీకి చూపొచ్చు. ఇచ్చిన ఆదేశాలను మళ్లీ చూసే వేరే రివ్యూ కమిటీ రెండు నెలలకోసారైనా కూర్చోవాలి. 2015లో శ్రేయా సింఘాల్ తీర్పులో సుప్రీంకోర్టు ఆన్‌లైన్ రాతలను నేరంగా చూసే 66ఎ ను కొట్టేసి 69ఎ ను నిలబెట్టింది, ఈ రక్షణలు ఉన్నాయన్న నమ్మకంతోనే. కానీ రూల్ 16 ఒకటుంది: ఫిర్యాదులూ, వాటి మీద తీసుకున్న చర్యలూ రహస్యం. నోటీసు అందకపోతే అందలేదని కోర్టుకు చూపించడానికి ఆదేశం ప్రతి కావాలి, ఆ ప్రతి మాత్రం రహస్యం. వరకట్నాన్ని వెక్కిరిస్తూ ఒకాయన పెట్టిన దౌరీ కాలిక్యులేటర్ అనే సైటును 2018లో ఆపేశారు. ఆదేశం ప్రతి ఇమ్మని, ఆయన మాట కూడా వినమని ఢిల్లీ హైకోర్టు చెప్పేసరికి 2022 మే వచ్చింది. ఒక హాస్యపు సైటుకే ఇంత కాలం పట్టింది. ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పిన లెక్కల ప్రకారం 2014లో 471 యూఆర్‌ఎల్‌లను ఆపితే 2020లో 9,849. ఇన్నింటిలో ఎన్ని తప్పో బయటివాళ్లు ఎలా తేలుస్తారు?

ఇప్పుడు 69ఎ కూడా అక్కర్లేదన్నట్టు అదే చట్టంలోని 79(3)(బి) కింద కేంద్ర హోం శాఖ సహయోగ్ పోర్టల్ ద్వారా తొలగింపు నోటీసులు వెళ్తున్నాయి. దీన్ని సవాలు చేసిన ఎక్స్ (పాత ట్విట్టర్) కంపెనీ పిటిషన్‌ను కర్ణాటక హైకోర్టు 2025 సెప్టెంబరులో కొట్టేసింది. 69ఎ లో ఉన్న కమిటీ, 48 గంటల నోటీసు ఈ దారిలో లేవు. నా దృష్టిలో ఇది మరింత ప్రమాదం.

పిల్లల మీద అఘాయిత్యాల వీడియోల మాటేమిటని అడుగుతారు, అడగాల్సిందే. అలాంటివి కనబడితే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయొచ్చు. ఆ ఫైలును సర్వర్ మీద నుంచే తీయించాలి, పెట్టినవాణ్ని పట్టుకోవాలి. దారిలో తెర కడితే ఫైలు అక్కడే ఉంటుంది, డీఎన్‌ఎస్ మార్చుకున్నవాడు చూస్తూనే ఉంటాడు.

సైటు రాకపోతే ఇలా చూడండి. కంప్యూటర్‌లో ఎన్‌ఎస్‌లుకప్ అనే కమాండ్‌తో ఆ పేరుకు వచ్చే నంబరు రాసుకోండి, తర్వాత గూగుల్ డీఎన్‌ఎస్ సర్వర్ 8.8.8.8 ని అడిగి పోల్చండి. పెద్ద సైట్లకు ఊరిని బట్టి నంబర్లు మారతాయి కాబట్టి తేడా ఒక్కటే రుజువు కాదు. పైగా మామూలు డీఎన్‌ఎస్ ప్రశ్న తాళం లేకుండా వెళ్తుంది; 8.8.8.8 పేరుతో దారిలోనే ఎవరైనా జవాబు చెప్పొచ్చు. అందుకని ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ పెట్టి, లేదా బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్‌ఎస్ ఆన్ చేసి మళ్లీ తెరవండి. ఇప్పుడొస్తే అడ్డు డీఎన్‌ఎస్‌లో ఉన్నట్టు. వెంటనే "కనెక్షన్ రీసెట్" అంటే ఎస్‌ఎన్‌ఐని అనుమానించండి. చాలాసేపు తిరిగి టైమవుట్ అయితే ఐపీ కావచ్చు, సర్వరే పడిపోయి ఉండొచ్చు. ఇంకో కంపెనీ నెట్‌లో చూస్తే తెలుస్తుంది. ఊనీ ప్రోబ్ యాప్ ఈ పరీక్షలన్నీ చేసి ఫలితాన్ని అందరికీ కనిపించేలా భద్రపరుస్తుంది. అయితే అది ఆ సైట్లను మీ కనెక్షన్ నుంచే తట్టి చూస్తుంది, ఆ సంగతి మీ కంపెనీకి కనిపిస్తుందని తెలిసే వాడండి.

తర్వాత ఆర్టీఐ. ఆన్‌లైన్ పోర్టల్‌లో ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖను ఎంచుకోండి, రుసుము 10 రూపాయలు. అదే ప్రశ్నను టెలికాం శాఖకు వేరే దరఖాస్తుగా పంపండి, లేకపోతే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. "ఎందుకు ఆపారు" అని అడిగితే దేశ భద్రత లాంటి కారణాలతో సమాచారం నిరాకరించనిచ్చే ఆర్టీఐ చట్టం 8(1)(ఎ) సెక్షన్, రూల్ 16 చూపించి తిప్పికొడతారు. ఆదేశం ఉందా, తేదీ ఏమిటి, రూల్ 8 నోటీసు పంపారా, రూల్ 9 వాడారా, ఫలానా ఏడాదిలో రివ్యూ కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, ఎన్ని ఆదేశాలు రద్దు చేసింది అని విడివిడిగా అడగండి. ఆర్టీఐ చట్టం సెక్షన్ 10 ప్రకారం రహస్యమైన భాగం తీసేసి మిగతాది ఇమ్మని దరఖాస్తులోనే రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. దానికి రుసుము లేదు. ఆ తర్వాత 90 రోజుల్లోపు కేంద్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు.

ఆగిపోయింది మీ సొంత సైటే అయితే ఆర్టీఐ కోసం కూర్చోవద్దు. ఆదేశం ప్రతి, విచారణ రెండూ కోరుతూ ఆ 2022 ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వును ఉటంకించి మంత్రిత్వ శాఖకు స్పీడ్ పోస్టులో రాయండి. ఆ రసీదు, తేదీ, సమయం, కంపెనీ పేరు కనిపించే స్క్రీన్‌షాట్లు, కనీసం మూడు కనెక్షన్ల మీద చేసిన పరీక్షలు దగ్గరుంచుకోండి. రాజ్యాంగం 226 అధికరణ కింద హైదరాబాద్‌లోనో అమరావతిలోనో హైకోర్టుకు వెళ్లాల్సి వస్తే మీ లాయరు మొదట అడిగేవి అవే.