మైకు ముందు చెప్పలేని సంగతి

అమ్మ పోయినప్పుడు నాకు దేవుడు దగ్గరగానే ఉన్నాడు. వింతగా ఉంటుంది గానీ నిజం. ఆసుపత్రి వరండాలో కూర్చుని ప్రార్థన చేస్తుంటే ఎవరో వింటున్నారన్న ధైర్యం ఉండేది. సమాధి కార్యక్రమంలో పాట ఎత్తుకున్నది కూడా నేనే. అందరూ "ఎంత విశ్వాసమో" అన్నారు. ఆ తర్వాత చాన్నాళ్లకి, పిల్లలు బాగా చదువుతూ, ఇంటి లోను సగం పైగా తీరిపోయి, పెద్దగా ఏ టెన్షనూ లేని రోజుల్లో ఆయన నాకు కనబడకుండా పోయాడు.

అంటే నాస్తికురాలినయ్యానని కాదు. దేవుడు లేడని ఒక్కరోజు కూడా అనుకోలేదు. లేడనుకుంటే అసలు బాధే ఉండేది కాదు. ఉన్నాడు, నాతో మాత్రం మాట్లాడటం లేదు. అదీ నా ఏడుపు. తెల్లవారుజామున లేచి బైబిలు తెరిస్తే అక్షరాలు కనిపించేవి, అంతే. మోకాళ్ల మీద ఉండగానే దిద్దాల్సిన పేపర్లు గుర్తొచ్చేవి.

మాది గుంటూరు. లూథరన్ సంఘంలో పుట్టి పెరిగాను. ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతాను, ఆదివారం క్వయర్‌లో పాడతాను. ఇబ్బందంతా ఆ రెండోదానితోనే వచ్చింది. లోపల ఏమీ లేకపోయినా గొంతు పలుకుతుంది, శ్రుతి తప్పదు. ఆరాధన అయ్యాక ఎవరో ఒక ఆంటీ వచ్చి "ఇవాళ నీ పాటకి ఏడుపొచ్చేసిందమ్మా" అని చెయ్యి పట్టుకుంటే, వందనాలండీ అనేసి చెప్పుల కోసం వెళ్లిపోయేదాన్ని. నటిస్తున్నానా అని నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. కాదనే ఇప్పుడు నా అభిప్రాయం. క్వయర్‌లో నిలబడేది నా మనసెలా ఉందో ఊరికి చెప్పడానికి కాదు, సంఘం పాడుకోవడానికి పాట అందించడానికి. అది మానలేదు.

ఎవరికైనా చెప్పుకుంటే వచ్చే సలహాలు మనకి తెలిసినవే. ఉపవాస ప్రార్థన పెట్టుకోమని ఒకరు. "ఎక్కడో ఒప్పుకోని పాపం ఉండుంటుంది, వెతుక్కో" అని ఇంకొకరు. వెతుక్కున్నాను. మామూలు మనిషికి ఉండేవన్నీ ఉన్నాయి. దేవుడు దగ్గరగా ఉన్న రోజుల్లోనూ అవే ఉన్నాయి మరి! బైబిల్లో ఏ తప్పూ చెయ్యకుండానే అన్నీ పోగొట్టుకున్న యోబు ఉన్నాడు కదా, ఆయన స్నేహితులు మన మధ్య పుట్టి ఉంటే ఈపాటికి ప్రార్థన గుంపు నడుపుతుండేవాళ్లు. వాళ్లు ఆయనకి చెప్పింది కూడా ఇదే కదా, దాచిన పాపం ఏదో ఉందని. చివరి అధ్యాయంలో దేవుడి కోపం మండింది ఆ ముగ్గురి మీద.

ఒక్క సలహా మాత్రం పనికొచ్చింది. మా తమ్ముడి భార్య నర్సు. "ముందు రక్తపరీక్ష చేయించుకో వదినా, మొహం పాలిపోయి ఉంది" అంది. చూస్తే హిమోగ్లోబిన్ 8కి దిగింది. బదరీ చెట్టు కింద పడుకుని ఇక చాలు, చచ్చిపోతానన్న ఏలీయా ప్రవక్తకి దేవదూత వాక్యోపదేశం చెయ్యలేదు. రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు, పడుకోనిచ్చాడు, లేపి మళ్లీ పెట్టాడు. నాకు ఐరన్ మాత్రలు. నీరసం పోయింది, ప్రార్థనలో ఆ ఎండిపోయినతనం పోలేదు. అది వేరు, ఇది వేరు అని తేలడం కూడా మేలే. (ఏలీయాలాగా మీకూ బతకాలనే అనిపించకపోతే ఉపవాస కూడిక దాకా ఆగకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.)

ఇక శ్రమల కాలం వచ్చింది, ఈస్టరుకి ముందు వచ్చే ఉపవాస దినాలు. ఫిబ్రవరి, మార్చిల్లో మా ఊళ్లో మిర్చి యార్డు వైపు నుంచి గాలి మళ్లితే చాలు, ప్రార్థన మధ్యలో తుమ్ములే. ఇంటింటి కూడికలు, సాక్ష్యాలు. సాక్ష్యానికి ఒక వరస ఉంటుంది. కష్టం వచ్చింది, కన్నీళ్లతో ప్రార్థించాం, జవాబొచ్చింది, హల్లెలూయా. వీసా వచ్చింది, గడ్డ కరిగింది, సంబంధం కుదిరింది. అవి అబద్ధాలనను, అలాంటివి నేనూ చెప్పాను. కానీ కథ ముగిసినవాళ్లకే మైకు. మధ్యలో ఉన్నవాళ్లు ప్రార్థన మనవి అని చీటీ రాసివ్వాలి. "దేవుడు నాతో మాట్లాడటం లేదు, అయినా వచ్చాను" అంటే అది సాక్ష్యం లెక్కలోకి రాదు.

మదర్ తెరెసా 1997లో చనిపోయారు. పదేళ్లకి, 2007లో ఆమె ఉత్తరాలు అచ్చులోకి వచ్చాయి. కలకత్తా పేదల మధ్య పని మొదలైన తొలి రోజుల నుంచీ దాదాపు చివరిదాకా, కొద్ది వారాలు తప్ప, లోపల చీకటేనని ఆమె తన ఆత్మీయ గురువులకి రాసుకున్నారు. ఉత్తరాలు నాశనం చేసేయమని కూడా అడిగారు. వాళ్లు చెయ్యలేదు. ఆవిడే వచ్చి మా కూడికలో ఈ సంగతి చెప్పడం మొదలుపెట్టి ఉంటే, మూడో మాటకే ఎవరో ఒకరు "స్తోత్రం" అని పాట ఎత్తుకునేవాళ్లు.

మా సంఘానికి పేరిచ్చిన జర్మనీ సంస్కర్త మార్టిన్ లూథరు గారికీ 1527 అలాంటి ఏడే. ఒళ్లు పడిపోయింది, విట్టెన్‌బర్గ్‌లోకి ప్లేగు వచ్చింది, క్రీస్తే తన చెయ్యి జారిపోయాడేమోనన్న భయం పట్టుకుంది. అలాంటప్పుడు పట్టుకోవాల్సింది మన అనుభూతిని కాదు, మనకి జరిగిన బాప్తిస్మాన్ని అని ఆయన నేర్పారు. ఇక్కడ నా పెంతెకొస్తు స్నేహితులు ఒప్పుకోరు. పసిపిల్లలకిచ్చేది బాప్తిస్మమే కాదు, ఊహ తెలిశాక మునగాలి అంటారు. పెళ్లి భోజనాల దగ్గర కూడా ఈ వాదన వదలరు. నాకైతే ఏమీ గుర్తులేకపోవడమే ఇప్పుడు పనికొచ్చింది. నెలల పిల్లని, నెత్తిన నీళ్లు పడితే ఏడ్చే ఉంటాను. అయినా ఆ పని జరిగింది, చర్చి రిజిస్టర్లో ఉంది. నాకు ఏమీ తెలియని రోజున దేవుడు నన్ను తనదాన్నని చెప్పుకున్నాడంటే, ఏమీ అనిపించని ఈ రోజున ఆ మాట వెనక్కి తీసుకుంటాడా?

అప్పటి నుంచి సొంత మాటల కోసం తంటాలు పడటం మానేశాను. ఆరాధన క్రమంలో ఉన్న ప్రార్థనలే చదువుకుంటున్నాను. అచ్చు ప్రార్థనలని కొందరు వెక్కిరిస్తారు, వెక్కిరించనీ. క్యారేజీలు సర్ది, స్కూటీ తీసే ముందు యేసు నేర్పిన పరలోక ప్రార్థన ఒకసారి. రాత్రికి బైబిల్లోని కీర్తనల గ్రంథం నుంచి ఒక కీర్తన, నచ్చినా నచ్చకపోయినా వరసగా. అలా 88వ కీర్తన దగ్గరికొచ్చాను.

అది మొదటి నుంచి చివరిదాకా మొర. మిగతా మొరల్లో చాలావరకు ఎక్కడో ఒకచోట స్తుతిలోకి మళ్లుతాయి. ఇది మళ్లదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. పైన చూస్తే ప్రధానగాయకునికి అని ఉంది, హేమాను పేరుంది. ఆ పేరుగలవాడు దావీదు ఏర్పాటు చేసిన గాయకుల్లో ఉన్నాడు. అంటే ఇది ఎవరో మూలన కూర్చుని రాసుకున్న డైరీ కాదు, క్వయర్ నేర్చుకుని అందరి ముందూ పాడాల్సిన పాట! డిసెంబరు 31 రాత్రి పంచే వాగ్దానపు కార్డుల మీద ఈ వచనం ఎవరికీ వచ్చి ఉండదు.

మట్టల ఆదివారానికి ముందు స్త్రీల కూడిక మా ఇంట్లో జరిగింది. సాక్ష్యం వంతు నాకొచ్చింది. ఆ కీర్తన మొత్తం చదివి కూర్చున్నాను. అంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరో గబగబా హల్లెలూయా అన్నారు. టీలు, పకోడీలు అయ్యాక, చిన్నప్పుడు మాకు సండే స్కూల్ చెప్పిన టీచరుగారు వంటింట్లోకి వచ్చారు. డెబ్బై దాటాయి ఆవిడకి. "మా ఆయన పోయిన దగ్గర్నుంచి నాకూ ఇంతేనే. పాస్టర్ గారికి కూడా చెప్పలేదు" అన్నారు. నాకేం చెప్పాలో తెలియక కప్పులు కడుగుతూ ఉండిపోయాను. ఆవిడే మళ్లీ, "బుధవారం నీకు కాలేజీ ఎన్నింటికి అయిపోద్ది?" అని అడిగారు.

ఇప్పుడు బుధవారాలు ఆవిడ ఇంటికి వెళ్తున్నాను. కళ్లల్లో శుక్లాలు కాబట్టి నేను చదువుతాను, అర్థం కాని చోట, నచ్చని చోట ఆవిడ ఆపుతారు. మొన్న 109 దగ్గర పెద్ద గొడవే అయింది. శత్రువు పిల్లలు బిచ్చమెత్తుకోవాలని శపించే కీర్తన మనం చదవచ్చా, వదిలేద్దామా అని. చదివాం. అయ్యాక ఇద్దరం పరలోక ప్రార్థన చెప్పుకుంటాం, "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" దగ్గర ఆవిడ నవ్వారు.

దేవుడు మళ్లీ మాట్లాడుతున్నాడా అంటే, ఒకటి రెండుసార్లు పాట మధ్యలో ఏదో కదిలినట్టనిపించింది. అంతకు మించి చెప్పడానికి లేదు. ముందు 119 ఉంది, 176 వచనాలు. ఒక్క కూర్చోవడంలో అయ్యేది కాదని నేనంటే, ఎందుక్కాదు, ఫ్లాస్కులో కాఫీ పోసి పెడతానంటున్నారు టీచరుగారు.