థాయ్‌లాండ్ రిటైర్మెంట్ వీసా: 8 లక్షల బాత్‌లు, ఒక క్యాలెండర్

థాయ్‌లాండ్‌లో రిటైర్ అయి ఉండిపోదామనుకునే ఎవరికైనా మొదట వినపడే అంకె 8 లక్షల బాత్‌లు. వయసు 50 నిండాలి, అంత డబ్బు థాయ్ బ్యాంకులో మన ఒక్కరి పేరు మీదే ఉండాలి. ఈ పని పూర్తి చేసుకున్నాక నేను గట్టిగా చెప్పగలిగేది ఒకటుంది. డబ్బు సమకూర్చుకోవడంతో సగం పనే అవుతుంది. అది ఏ తేదీన ఖాతాలో పడింది, ఎన్నాళ్లు కదలకుండా ఉంది అన్నదే మిగతా సగం.

నేను రిటైర్ అయినవాళ్లకు ఇచ్చే 90 రోజుల నాన్-ఇమిగ్రెంట్ ఓ వీసా మీద ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ వచ్చాను. ఆ 90 రోజులు అయిపోయేలోపు అక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసులో ఏడాది పొడిగింపుకు అర్జీ పెట్టుకోవాలి. అర్జీ పెట్టే నాటికి 8 లక్షలు రెండు నెలలుగా ఖాతాలో ఉండాలి. ఇక్కడే అసలు టెన్షన్. 90 లోంచి 60 తీసేస్తే మిగిలేది నెల రోజులు. ఆ నెలలోనే ఇల్లు దొరకాలి, ఖాతా తెరవాలి, భారత్ నుంచి డబ్బు రావాలి. అందుకే విమానం ఎక్కకముందే క్యాలెండర్ మీద వెనక నుంచి లెక్క వేసుకున్నాను. వీసా ముగిసే రోజు, దానికి కొన్ని రోజుల ముందు అర్జీ, దానికి రెండు నెలల ముందు డబ్బు. ఎవరడిగినా ముందు ఈ లెక్క వేసుకోమనే చెబుతున్నాను.

ఖాతా తెరవడం నేననుకున్నంత తేలిక కాలేదు. ఒక బ్రాంచిలో పాస్‌పోర్ట్ చూసి, వర్క్ పర్మిట్ లేదు కాబట్టి కుదరదన్నారు. అదే బ్యాంకు ఇంకో బ్రాంచిలో మాత్రం రిటైర్మెంట్ కోసమని చెప్పగానే కూర్చోబెట్టి, ఏం కావాలో కాగితం మీద రాసిచ్చారు: పాస్‌పోర్ట్, వీసా పేజీ, ఇంటి అద్దె ఒప్పందం, ఇమిగ్రేషన్ వాళ్లు ఇచ్చే నివాస ధ్రువపత్రం. ఆ ధ్రువపత్రం రావాలంటే ఇంటి యజమాని టీఎం 30 అనే ఫారం ద్వారా మనం ఫలానా ఇంట్లో ఉంటున్నామని ఇమిగ్రేషన్‌కు ముందే తెలియజేసి ఉండాలి. కాబట్టి ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడే, టీఎం 30 చేస్తారా అని యజమానిని అడగండి. మా ఇంటి యజమానురాలు చాలా మంచి మనిషి, మేం దిగిన మర్నాడే చేసేశారు. ఆవిడ ఆలస్యం చేసి ఉంటే నా లెక్క మొత్తం తప్పేది.

ఇక డబ్బు పంపడం. భారత్ నుంచి ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకునేందుకు ఆర్‌బీఐ పెట్టిన పథకం) కింద ఒక మనిషి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపుకోవచ్చు, కాబట్టి పరిమితితో ఇబ్బంది లేదు. బ్యాంకులో విదేశాలకు డబ్బు పంపడానికి నింపే ఏ2 ఫారం, పాన్ ఇవ్వాలి. ఆలోచించాల్సింది టీసీఎస్ గురించి, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద ఇలాంటి పంపకాలకు 20 శాతం ముందే పట్టుకుంటారు. అది ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది, మిగిలితే రీఫండ్ వస్తుంది. కానీ అప్పటిదాకా ఆ డబ్బు మన చేతిలో ఉండదు కదా, దానికి విడిగా ఏర్పాటు చేసుకోవాలి. ఆర్థిక సంవత్సరం మారే సమయం దగ్గర్లో ఉంటే, మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత పంపుకునే వీలుందేమో చూసుకోండి. రెండు నెలల లెక్క మాత్రం రెండో భాగం చేరిన రోజు నుంచే మొదలవుతుంది.

సరిగ్గా 8 లక్షలకు సరిపడా పంపకండి. మధ్యలో ఉండే బ్యాంకులు ఛార్జీలు కోసుకుంటాయి, మారకం రేటు కదులుతుంది. 7,99,000 ఉన్నా అది 8 లక్షలు కాదు. నేను చేతికి భారం కాని మేరకు ఎక్కువే పంపాను. డబ్బు విదేశం నుంచి వచ్చినట్టు రుజువు అడగవచ్చు కాబట్టి, అది జమ అయినట్టు బ్యాంకు ఇచ్చే కాగితాన్ని అదే వారం తీసుకుని ఫైల్లో పెట్టాను. ఇంకొకటి, జీవితమంతా కూడబెట్టిన డబ్బు పరాయి దేశంలో పెడుతున్నామన్న బెంగ నాకూ ఉండింది. థాయ్‌లాండ్‌లో ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు 10 లక్షల బాత్‌ల దాకా డిపాజిట్ రక్షణ ఉంది. అది తెలిశాక నిద్ర పట్టింది.

నెలకు 65,000 బాత్‌ల ఆదాయం చూపించే దారి కూడా ఉంది. మంచి పెన్షన్ ఉన్నవాళ్లకు అది బాగానే ఉంటుంది, కానీ ప్రతి నెలా తప్పకుండా విదేశం నుంచి జమ కావాలి. ఒక్క నెల అటూ ఇటూ అయితే సమాధానం చెప్పుకోవాలి. నాకు డిపాజిట్టే ప్రశాంతంగా అనిపించింది.

డబ్బు మేమే మీ ఖాతాలో వేసి చూపిస్తాం, తర్వాత తీసేసుకుంటాం అనే ఏజెంట్లు కూడా ఎదురవుతారు. దయచేసి ఆ జోలికి పోకండి. 2019 మార్చి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, పొడిగింపు వచ్చాక కూడా మూడు నెలలు 8 లక్షలు అలాగే ఉండాలి. ఆ తర్వాత సగం దాకా వాడుకోవచ్చు గానీ 4 లక్షల కంటే తగ్గకూడదు. మళ్లీ వచ్చే అర్జీకి రెండు నెలల ముందు 8 లక్షలకు చేర్చాలి. ఆ పాస్‌బుక్ ఏడాది తర్వాత మళ్లీ అదే ఆఫీసులో తెరవాల్సింది ఏజెంటు కాదు, మనం. ఈ వయసులో దేశం విడిచి వచ్చి, అబద్ధపు కాగితం మీద బతకడం ఎందుకు?

అర్జీ రోజు గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ఆ ఉదయమే బ్యాంకుకు వెళ్లి 100 బాత్‌లు వేశాను, పాస్‌బుక్‌లో ఆ రోజు తేదీ పడటానికి. ఖాతాలో ఇంత ఉందని బ్యాంకు ఇచ్చే లెటర్ కూడా అప్పుడే తీసుకున్నాను. ఆ లెటర్ ఎన్నాళ్ల నాటిది చెల్లుతుందో ఒక్కో ఇమిగ్రేషన్ ఆఫీసులో ఒక్కోలా ఉంటుంది, అదే రోజుది అయితే ఎవరూ కాదనరు. పొడిగింపు కోరే టీఎం 7 ఫారం, ఫొటో, పాస్‌పోర్ట్ కాపీలు, పాస్‌బుక్ పేజీల కాపీలు, అన్నిటి మీదా సంతకం, 1,900 బాత్‌ల రుసుం. అధికారి పాస్‌బుక్‌లో వరసల మీద వేలు పెట్టి తేదీలు చూసుకుంటూ వెళ్లారు, డబ్బు పడిన వరస దగ్గర ఆగి తలూపారు.

మా ఆవిడకు వేరే 8 లక్షలు అక్కర్లేకపోయింది. నా పొడిగింపు మీద ఆధారపడిన భార్యగా అర్జీ పెట్టాం. దానికి పెళ్లి సర్టిఫికెట్‌ను అటెస్టేషన్ చేయించి, థాయ్‌లోకి అనువదించి, అక్కడి విదేశాంగ శాఖ ముద్ర వేయించాలి. ఈ పని బయల్దేరకముందే మొదలుపెట్టండి, డబ్బు కంటే ఇదే ఎక్కువ కాలం పట్టవచ్చు.

పాస్‌పోర్ట్‌లో పొడిగింపు స్టాంపు పడ్డాక రెండు విషయాలు మర్చిపోవద్దు. థాయ్‌లాండ్ దాటాలంటే ముందు రీ-ఎంట్రీ పర్మిట్ (తిరిగి వచ్చేందుకు అనుమతి) తీసుకోవాలి, ఒక్కసారికి 1,000 బాత్‌లు, ఎన్నిసార్లయినా అయితే 3,800. అది లేకుండా విమానం ఎక్కితే పొడిగింపు రద్దవుతుంది, ఈ డిపాజిట్ కష్టమంతా మళ్లీ మొదటి నుంచి. రెండోది, దేశంలోనే ఉంటే 90 రోజులకోసారి చిరునామా తెలియజేయాలి. నేను ఈ తేదీలతో పాటు, మూడు నెలలు పూర్తయ్యే రోజు, మళ్లీ 8 లక్షలకు నింపాల్సిన రోజు ఫోన్‌లో పెట్టుకున్నాను. మా ఆవిడ ఫోన్‌లోనూ పెట్టాను.