కల్లెడ అమ్మాయి పరుగు కోసం ఢిల్లీ దాకా

"ఆ పిల్లకు ఏం వైకల్యమున్నదమ్మా? కాళ్లు మంచిగున్నయ్, చేతులు మంచిగున్నయ్. అంత జోరుగ ఉరుకుతాంది!"

కాజీపేటలో రైలెక్కి సామాన్లు సర్దుకున్నామో లేదో, ఎదురు బెర్తు పెద్దాయన అన్న మాట ఇది. ఎక్కడిదాకా అని అడిగితే చెప్పాను. ఢిల్లీలో పారా అథ్లెటిక్స్, అంటే వికలాంగుల పరుగులు, విసురుడు ఆటల ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి, మన కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి పరిగెత్తుతోంది, చూడ్డానికి పోతున్నాం అని. ఆయన అక్కడికక్కడే ఫోన్‌లో దీప్తి వీడియో తీసి చూసి ఈ ప్రశ్న వేశాడు. మనిషి చెడ్డవాడు కాదు. భోపాల్‌లో కూతురి దగ్గరికి పోతూ కట్టుకున్న మురుకులు మాకూ పెట్టాడు. అయినా నాకు ఒళ్లు మండింది.

మాది వర్ధన్నపేట. కల్లెడ ఉన్న పర్వతగిరి మా పక్క మండలమే. నాతో వచ్చినవాడు మా చిన్నాన్న కొడుకు. రెండేళ్లప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి, వీల్‌చైర్ వాడతాడు. బతుకమ్మ రోజుల్లో ఊరొదిలి ఎటు పోతారని అమ్మ గునుస్తూనే ఉంది. సద్దుల నాటికి ఇంట్లో ఉంటామని మాటిచ్చి బయల్దేరాం.

రైలెక్కడమే ఒక పెద్ద పని. దివ్యాంగ కోటాలో కింది బెర్తు ఇస్తారు, థర్డ్ ఏసీలో టికెట్టు మీద ముప్పావు వంతు రాయితీ ఇస్తారు, తోడు వచ్చినవాళ్లకూ ఇస్తారు. అంతా బాగుంది. కానీ ఆ బెర్తు దాకా వీల్‌చైర్ పోదు. తలుపు దగ్గర మెట్లు, లోపల సన్నటి దారి. మా తమ్ముడు తలుపు పక్క కడ్డీలు రెండు చేతులతో పట్టుకుని, ఒక్క ఊపులో ఒళ్లంతా పైకి లాక్కుని మెట్టు మీద కూచున్నాడు. అక్కడినుంచి అరచేతులు నేలకు ఆనించి జరుగుతూ బెర్తు దాకా వచ్చాడు. జనం బూట్లతో తొక్కిన నేల అది. నేను కుర్చీ మడిచి వాష్‌బేసిన్ పక్కన గొలుసు వేసి కట్టాను. బెర్తెక్కాక వాడు చేసిన మొదటి పని, బ్యాగులోంచి తడి కాగితాలు తీసి చేతులు తుడుచుకోవడం. ఇదంతా పెద్దాయన చూస్తూనే ఉన్నాడు. అందుకే కాబోలు, దీప్తిని మా తమ్ముడితో పోల్చి, "ఈ బాబుకంటే సరే, కనబడుతాంది. ఆమెకేమున్నది?" అన్నాడు.

నేను జవాబు చెప్పబోతే తమ్ముడు ఆపాడు. వాడు మీసేవలో పనిచేస్తాడు. వైకల్య సర్టిఫికెట్ల దరఖాస్తులు పెట్టేది వాడే. చెవులు వినపడని తల్లిని, మాట రాని పిల్లాడిని, తలలో ఎదుగుదల లేని కూతుర్ని పట్టుకుని జనం వాడి బల్ల ముందుకే వస్తారు. "సార్, మీరడిగిందే అందరూ అడుగుతరు. నా దగ్గరికి వచ్చేటోళ్లల్ల సగం మందిది కండ్లకు కనబడని వైకల్యమే. వాళ్లు జిందగీ అంతా రుజువు చేసుకుంటనే ఉండాలె" అన్నాడు.

"ఏమో బాబూ, దొంగ సర్టిఫికెట్లు తక్కువున్నయా?" అన్నాడాయన.

ఇక మా మాటలు బల్లార్షా దాకా సాగాయి. దొంగ సర్టిఫికెట్లు లేవని మేం అనలేదు. నిజానికి దీప్తి పరిగెత్తే టీ20 అనే విభాగమే, అంటే మానసిక ఎదుగుదల లోపం ఉన్నవాళ్ల విభాగమే, ఒకప్పుడు ఒక పెద్ద దొంగతనం వల్ల మూతబడింది. 2000లో సిడ్నీ పారాలింపిక్స్‌లో మానసిక ఎదుగుదల లోపం ఉన్నవాళ్ల బాస్కెట్‌బాల్‌లో స్పెయిన్ బంగారు పతకం గెలిచింది. ఆ జట్టు 12 మందిలో 10 మందికి ఏ లోపమూ లేదని తర్వాత తేలింది. ఆ జట్టులో చేరి ఆడిన ఒక విలేకరే సంగతి బయటపెట్టాడు. దానికి శిక్ష ఎవరికి పడింది? ఆ లోపం ఉన్న క్రీడాకారులందరికీ. తర్వాతి పారాలింపిక్స్‌లు ఏథెన్స్‌లో లేరు, బీజింగ్‌లో లేరు. వాళ్ల తరఫున సంఘాలు ఏళ్ల తరబడి కొట్లాడి, పరీక్షలు ఎలా చేయాలో శాస్త్రవేత్తలతో కొత్త పద్ధతి రాయించి, 2009లో ఓటింగులో నెగ్గి, 2012 లండన్‌లో మళ్లీ లోపలికి వచ్చారు. ఎవరో చేసిన మోసానికి 12 ఏళ్ల పాటు తలుపు మూసేశారు. ఆ తలుపు తెరిపించినవాళ్లు లేకపోతే దీప్తి ఇవాళ పారా ట్రాక్ మీద ఉండేది కాదు.

ఇంతకీ ఆమెకేముంది? టీ20లోకి రావాలంటే ఐక్యూ 75 మించకూడదు, రోజువారీ పనుల్లో ఇబ్బంది ఉన్నట్టు, అది ఎదిగే వయసులోనే మొదలైనట్టు రుజువుండాలి. దీప్తి పరిగెత్తే 400 మీటర్ల పందెం కాళ్లతో మాత్రమే అయ్యేది కాదు. మొదటి 200 ఎంత వేగంతో పోవాలి, చివరి వంద కోసం ఎంత ఊపిరి మిగుల్చుకోవాలి అన్న లెక్క బుర్రలో నడుస్తూనే ఉండాలి. ఆ లెక్కే ఈ పిల్లలకు కష్టం. కోచ్ నాగపురి రమేశ్ ఆమెతో ఎంత ఓపికగా ఆ లెక్కను ఒంటికి అలవాటు చేయించి ఉంటాడో ఊహించుకోవాల్సిందే. ఆ పిల్ల చిన్నప్పుడు పెదవి చీలి ఉండేది. ఊళ్లో పిచ్చిది అన్నారు, కోతి అన్నారు, అనాథాశ్రమంలో వదిలేయమని తల్లిదండ్రులకు సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. కూలీ చేసుకునే ఆ తల్లిదండ్రులు వదల్లేదు. అదే పిల్ల 2024లో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పోటీల్లో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు కొట్టి బంగారం తెచ్చింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కంచు తెచ్చింది. చిన్నప్పుడు లోపముందని గేలి చేశారు, గెలిచాక లోపమే లేదంటున్నారు. ఈ రెండో మాట కూడా నాకు మొదటిదానంత కోపం తెప్పిస్తుంది.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. భోపాల్‌లో దిగేముందు మాత్రం, "ఎన్ని గంటలకమ్మా ఆ పరుగు? మా మనవరాలికి చూపిస్త" అని టైమ్ రాసుకున్నాడు.

ఢిల్లీలో పొద్దున దిగాం. స్టేషన్ బయట ఆటోవాళ్ల బేరం తెలిసిందే. జంగ్‌పురాకు మూడొందలు, కుర్చీ పెట్టుకుంటే ఇంకో వంద. కుర్చీకి వంద ఎందుకని అడిగితే జవాబు లేదు. హోటల్ సంగతి ఇంకా ఘోరం. వీల్‌చైర్ సదుపాయం ఉందని చూసే రోజుకు 2,400 పెట్టి బుక్ చేశాను. ముందే మూడు మెట్లు. కౌంటర్‌లో కుర్రాడు నవ్వుతూ, ఇద్దరు మనుషులున్నారు, ఎత్తి లోపల పెడతారన్నాడు. అంటే సదుపాయమంటే వాళ్లే. తమ్ముడు ఒప్పుకోలేదు. "పొద్దుమాపు నన్ను మూట లెక్క మోసుడేందక్కా" అన్నాడు. గంటసేపు వాదించాక పక్క దుకాణం నుంచి ఒక మందపాటి చెక్క తెచ్చి మెట్ల మీద వేశారు. ఆ చెక్క చూస్తే నాకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. 2001లో స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీ వచ్చినప్పుడు కుతుబ్ మినార్ లాంటి చోట్ల ఉన్నపళంగా చెక్క ర్యాంపులు వేశారు. దాని వెనక జావేద్ అబిదీ పట్టుదల ఉంది. ఆయన కూడా వీల్‌చైర్‌లోనే తిరిగేవాడు. 1995లో వికలాంగుల చట్టం కోసం పార్లమెంటు ముందుకు జనాన్ని నడిపించినవాళ్లలో ముందున్న మనిషి. అంత పెద్ద శాస్త్రవేత్తకు ఒక పూటలో వేయగలిగిన చెక్క మా తమ్ముడికి వేయడానికి గంట వాదన కావాలా?

మెట్రో మాత్రం మనసు కుదుటపరిచింది. లిఫ్టు ఉంది, నేల మీద చూపు లేనివాళ్ల కోసం పసుపు గీతల పలకలు ఉన్నాయి, ప్లాట్‌ఫామూ రైలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. తమ్ముడు ఎవరి చెయ్యీ పట్టకుండా తనే చక్రాలు తిప్పుకుంటూ పెట్టెలోకి పోయాడు. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం స్టేషన్‌లో దిగి, అలాగే గేటు దాకా, అక్కడినుంచి ర్యాంపు మీదుగా స్టాండు దాకా. కాజీపేటలో అరచేతులతో పాకిన మనిషి ఇతనేనా అనిపించింది.

2025 సెప్టెంబర్ 27 సాయంత్రం. ఢిల్లీ ఉక్క తెలిసిందే కదా, కూర్చున్న చోటే చొక్కాలు తడిసిపోయాయి. మా పక్క వరసలో ఎర్ర జెండాలు పట్టుకుని ఒక చిన్న గుంపు. తుర్కియే ఎంబసీలో పనిచేసేవాళ్లు, పిల్లాజెల్లాతో వచ్చారు. దీప్తికి అసలు పోటీ వాళ్ల అమ్మాయి ఐసెల్ ఓందర్‌తోనే. కోబెలో దీప్తి ముందు, ఓందర్ వెనక. పారిస్‌లో ఓందర్‌కు వెండి, దీప్తికి కంచు. ఆ గుంపులో నడివయసు మనిషి ఒకాయన తమ్ముడితో ఇంగ్లిష్‌లో మాట కలిపాడు. దీప్తిది మా పక్క ఊరేనని చెబితే లేచి నిలబడి చెయ్యి కలిపాడు.

ఆయన చెప్పిన ఒక మాట నాకు బాగా పట్టింది. వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్య సమితి ఒప్పందం 2007 మార్చి 30న సంతకాలకు పెట్టిన మొదటి రోజే మా దేశమూ మీ దేశమూ రెండూ సంతకం చేశాయి, ఇవాళ్టి పందెం ఆ సంతకాల పుణ్యం కూడా అన్నాడు. ఇంటికొచ్చాక వెతికి చదివాను. నిజమే. 2002 నుంచి 2006 దాకా న్యూయార్క్‌లో నడిచిన ఆ చర్చలకు మొదట ఈక్వడార్ రాయబారి లూయిస్ గల్లెగోస్, తర్వాత న్యూజిలాండ్ రాయబారి డాన్ మెకే అధ్యక్షత వహించారు. రాయబారులతో పాటు వికలాంగుల సంఘాలవాళ్లు కూడా అదే గదిలో కూర్చున్నారు. అలా వచ్చిందే 30వ అధికరణం. ఆటలాడే హక్కు, ఆడే చోటికి చేరే హక్కు, వికలాంగ పిల్లలకు బడిలో అందరితో పాటు ఆట ఇవన్నీ అందులో ఉన్నాయి. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో కూడా ఆటల గురించి 30వ సెక్షనే ఉంది. మా తమ్ముడు చదువుకున్న రోజుల్లో ఆటల పీరియడ్ వస్తే అందరి బ్యాగులకు కాపలా వాడే. అప్పటికి ఈ ఒప్పందమూ లేదు, ఈ చట్టమూ లేదు. ఇప్పటి పిల్లల విషయంలో రెండూ ఉన్నాయి. అయినా ఎన్ని బళ్లలో కాపలా మారింది?

పరుగు మొదలైంది. ఒక నిమిషం కూడా పట్టని దానికి ఇంత దూరం వచ్చాం. మా గొంతులు పోయాయి. మలుపు తిరిగి చివరి వందలోకి వచ్చేసరికి ఓందర్ ముందుంది. దీప్తి వదల్లేదు, కానీ అందలేదు. వెండి. 55.16 సెకన్లు. పారిస్‌లో బంగారం గెలిచిన ఉక్రెయిన్ అమ్మాయి టైమింగ్ కూడా సరిగ్గా ఇంతే. అంటే ఏడాది కిందట బంగారం తెచ్చిన పరుగు ఇవాళ రెండో స్థానానికి వచ్చింది. ఈ పిల్లలు ఒకరినొకరు ఎంత వేగంగా పైకి లాక్కుపోతున్నారో చూడండి. ఎంబసీ ఆయన ఎగిరి గంతులేసి, ఆ వెంటనే మా వైపు తిరిగి దీప్తికి కూడా చప్పట్లు కొట్టించాడు. అక్కడ ఎవరూ ఆమెకేం వైకల్యమని అడగలేదు. రుజువులన్నీ క్లాసిఫికేషన్ గదిలోనే, అంటే ఎవరు ఏ విభాగంలోకి వస్తారో పరీక్షించి తేల్చే చోటే, అయిపోయాయి. ట్రాక్ మీద మిగిలింది గడియారం ఒక్కటే.

మర్నాడు తమ్ముడు కుర్చీ కదిలించకుండా చూసింది పరుగులు కావు, కూర్చుని విసిరే పోటీలు. నేల మీద ఒక ఇనుప కుర్చీ పెట్టి, పట్టీలతో నాలుగు వైపులా బిగించి కడతారు. ఆటగాడిని దాని మీద కూర్చోబెట్టి తొడలు, కాళ్లు బెల్టులతో బిగిస్తారు. ముందు ఒక కడ్డీ ఉంటుంది, ఒక చేత్తో దాన్ని పట్టుకుని రెండో చేత్తో విసరాలి. ఎవరి కుర్చీ వాళ్లదే, వాళ్ల ఒంటికి తగ్గట్టు చేయించుకుని తెచ్చుకుంటారు. వేళ్లకు పట్టు దొరకనివాళ్ల కోసం క్లబ్ త్రో అని ఒకటుంది. ఆ క్లబ్ చూడ్డానికి అచ్చం మన పప్పుగుత్తిలా ఉంటుంది, చెక్కది, 397 గ్రాములు. దాన్ని వేళ్ల మధ్య ఇరికించుకుని, కొందరైతే వెనక్కి తిరిగి కూర్చుని తల మీదుగా విసిరారు. చెయ్యి సరిగా లేవని మనిషి అంత దూరం విసరడం ఎలా అని నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, తమ్ముడు మాత్రం ఇనుప కుర్చీనే ఫోన్ జూమ్ చేసి ఫొటోలు తీస్తున్నాడు. ముందు నుంచి, పక్క నుంచి, కింద వెల్డింగ్ అతుకులు.

తర్వాత ఆంధ్రా భవన్‌లో కడుపునిండా పప్పూ గోంగూరా తిన్నాం. మిగతా ఢిల్లీ ఏమీ చూడలేదు, చూడాలనీ అనిపించలేదు.

తిరుగు ప్రయాణంలో వాడు పడుకోలేదు. చార్ట్ కాగితం వెనక కుర్చీ బొమ్మ గీసి కొలతలు వేశాడు. పొద్దున నాగపూర్ దగ్గర పడుతుండగా వర్ధన్నపేటలో వెల్డింగ్ షాపాయనకు ఫోన్ చేసి ఫొటోలు పంపాడు. స్పీకర్ పెట్టి ఉంది, నేనూ విన్నాను.

"గిదేం కుర్చీ అన్నా? కూసునుడుకా?"

"డిస్క్ ఇసిరేతందుకు. ఎత్తు 75 సెంటీమీటర్లు దాటొద్దు, మెత్త కలుపుకొని."

"ముందట కడ్డీ ఎందుకు?"

"పట్టుకోనీకి. అది ఊగొద్దు, గట్టి పైపు ఎయ్యి."

షాపాయన 5,500 అవుతుందన్నాడు, తమ్ముడు ఐదు వేలకు తెగ్గొట్టాడు. ముందు కూర్చుని విసిరేవాళ్ల విభాగాలైన ఎఫ్ 55, 56, 57లలో తను దేంట్లోకి వస్తాడో క్లాసిఫికేషన్ చేసేవాళ్లు చూసి చెప్పాలి, అది ఎప్పుడుంటుందో కనుక్కోవాలి, డిస్క్ కొనాలి, నేర్పేవాళ్లు కావాలి. ఇవన్నీ నాకు చెబుతూనే ఫోన్‌పేలో రెండు వేలు అడ్వాన్స్ కొట్టేశాడు. దసరా తెల్లారి పైపులు కోస్తానన్నాడు వెల్డర్.