402 మీటర్ల కోసం 200 కిలోమీటర్లు

ఆ బైక్ రేసుకు పోవాల్సింది నేను కాదు, మా మేనల్లుడు. మూడు నెలల నుంచి వాడికి అదే లోకం. తీరా పదిహేను రోజుల ముందు మేడ మీద డిష్ సరిచేసి దిగుతూ మెట్ల మీద జారాడు. ఎడమ మణికట్టు విరిగింది, పిండికట్టు పడింది. కట్టిన ఫీజు వాపసు రాదని, కావాలంటే పేరు మార్చుకోవచ్చని నిర్వాహకులు చెప్పారట.

"మామా, నువ్వు తోలు" అన్నాడు.

నాకు 43 ఏళ్లు. రోజూ ఆఫీసుకు తీసుకెళ్లేది స్కూటీ. అయితే మా నాన్న కొన్న ఆర్ఎక్స్ 100 మీద డిగ్రీ రోజుల్లో నేను చేసిన వేషాలు వాడు చిన్నప్పటి నుంచి విని ఉన్నాడు. ఆ కథల్లో సగం నేను కల్పించినవేనని ఆ క్షణంలో ఒప్పుకోవడానికి నోరు రాలేదు. సరే అన్నాను.

ఆర్ఎక్స్ 100 అంటే 98 సీసీ టూ స్ట్రోక్, 11 హార్స్ పవర్. వాడి బండి సెకండ్ హ్యాండ్ కేటీఎం ఆర్సీ 390. అందులో 373 సీసీ ఇంజిన్, దాదాపు 43 హార్స్ పవర్. రెండు సాయంత్రాలు ఊరి బయట ఖాళీ గ్రౌండులో తిప్పి చూశాను. ముందుకు వంగి కూర్చునే ఆ హ్యాండిల్ మీద పది నిమిషాలకే అరచేతులు మొద్దుబారాయి. మొదటి రోజు మూడుసార్లు ఇంజిన్ ఆగింది. గ్రౌండులో క్రికెట్ ఆడే పిల్లలు నాలుగోసారి కోసం ఆట ఆపి చూశారు.

సంక్రాంతికి ముందు ఆదివారం. నాలుగున్నరకే అక్క లేచి వాడి బ్యాగులో సకినాల డబ్బా కుక్కింది. కట్టు చేత్తో అంత దూరం బండి వెనక సీటు మీద కూర్చోవడం కుదరదు. ఆ సీటు కూడా చెంచాడే. అందుకని వాడు పానాలు, గాలి గేజి, టేపు చుట్టలు సర్దుకుని హన్మకొండ బస్టాండులో కరీంనగర్ బస్సెక్కాడు. నేను బండి తీశాను. మెడ చుట్టూ మందపాటి మఫ్లరు రెండు చుట్లు చుట్టి పంపింది అక్క. చలికని అనుకున్నాను.

ఎల్కతుర్తి దాకా మంచు. హెల్మెట్ అద్దం ఎత్తితే కళ్లలో నీళ్లు, దించితే ఆవిరి. నాలుగు వరుసల పనుల కోసం తవ్విన చోట రోడ్డు ఉన్నట్టుండి మట్టిలోకి దిగుతుంది, మళ్లీ తారు మీదికి ఎక్కుతుంది. ఎదురుగా గ్రానైట్ లారీలు. ఒక్కో లారీ మీద ఒకటో రెండో రాళ్లే, ఒక్కో రాయి ఒక చిన్న గదంత. ఆ లారీ పక్క నుంచి పోతున్నప్పుడు గాలికి బండి ఒక జానెడు పక్కకు జరిగింది. హుజూరాబాద్‌లో టీ కోసం ఆగితే గ్లాసు పట్టుకోవడానికి వేళ్లు వంగలేదు. రేసు ఇంకా మొదలే కాలేదు.

మానకొండూరు దాటి, మానేరు మీది కేబుల్ బ్రిడ్జి మీదుగా కరీంనగర్‌లోకి వచ్చాను. 2023 జూన్‌లో తెరిచిన ఈ బ్రిడ్జి పొడవు దాదాపు 500 మీటర్లు. మధ్యలో బండి పక్కకు ఆపి వెనక్కి చూశాను. నేను రేసు చేయబోయేది 402 మీటర్లు, అంటే పావు మైలు. ఈ బ్రిడ్జి పొడవు కూడా లేదు. ఇంతదానికేనా ఇంత టెన్షన్ అనిపించింది. ఆ ధైర్యం బస్టాండులో మావాడు కనబడేదాకా ఉంది. రెండు ప్లేట్ల ఇడ్లీ తింటూ వాడు లెక్క చెప్పాడు.

"పదిహేను సెకన్లు మామా. గంతే. గండ్ల నాలుగు గేర్లు మార్చాలె."

సుల్తానాబాద్ దగ్గరికొచ్చేసరికి గాలిలో రైస్ మిల్లుల వాసన. ఉడికించిన వడ్లు, కాలిన ఊక. అది దాటాక మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగితే ఒక వెంచర్ ఉంది. ప్లాట్ల కోసం తీరుగా రోడ్డు వేశారు కానీ ప్లాట్లు అమ్ముడుపోలేదు. హద్దురాళ్లు సగం పీకి పక్కన పడేశారు. మిగిలింది ఇటు నుంచి అటు కిలోమీటరుకు పైగా పొలాల మధ్య తిన్నటి తారు. పావు మైలు రేసుకు, ఆ తర్వాత బండి ఆగడానికి అంత ఉండాలి. అంచుల వెంట వరిగడ్డి మోపులు, పాత టైర్లు. ఒక చివర అంబులెన్సు. కాగితాలన్నీ చూపించి, పోలీసులకు చెప్పి పెట్టిన పోటీ అన్నారు. మామూలు రోడ్డు మీద అనుమతి లేకుండా రేసు పెడితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. వరంగల్ వాడిగా నాకు మాత్రం మామునూరు ఎయిర్‌స్ట్రిప్ గుర్తొచ్చింది. నిజాం కాలంనాటి ఆ రన్‌వే పక్క నుంచి పోయినప్పుడల్లా దాని మీద ఒక్కసారి బండి తోలాలని నా వయసు వాళ్లందరికీ ఉండేది. ఇప్పుడక్కడికి మళ్లీ విమానాలే వస్తాయంటున్నారు, మన వంతు ఇక రాదు.

బండి తనిఖీ అరగంట పట్టింది. చైను బిగువు, బ్రేకులు, హెల్మెట్, గ్లోవ్స్, చీలమండలు కప్పే బూట్లు చూశారు. అద్దాలు విప్పించారు. పగిలితే ముక్కలు రోడ్డు మీద పడకుండా హెడ్‌లైటు మీద టేపు అతికించమన్నారు. మావాడు కుడిచేత్తో టేపు పట్టుకుని పళ్లతో తెంపుతుంటే నేను అతికించాను. వెనక టైరులో గాలి కొంచెం తగ్గించాడు, తారును బాగా పట్టుకుంటుందట. హామీ పత్రం మీద సంతకం పెట్టేటప్పుడు అందులోని మూడో వాక్యం చదివి ఉండాల్సింది కాదు.

రేసు మొదలయ్యే చోట నిలువు స్తంభానికి లైట్లుంటాయి. అమెరికా నుంచి వచ్చిన ఆట కాబట్టి దాన్ని క్రిస్మస్ ట్రీ అంటారు. కింద నేలకు దగ్గరగా కంటికి కనబడని రెండు కాంతి గీతలు. ముందు చక్రం మొదటి గీతను తాకితే పైన ఒక చిన్న లైటు, రెండోదాన్ని తాకితే ఇంకోటి. ఆ రెండింటి మధ్య దూరం జానెడు కూడా ఉండదు. కాళ్లతో నెట్టుకుంటూ అంగుళం అంగుళం జరగాలి. అప్పుడు మూడు పసుపు లైట్లు అర సెకను తేడాతో ఒకదాని కింద ఒకటి వెలుగుతాయి, ఇంకో అర సెకనుకు పచ్చ. పచ్చ పడకముందే చక్రం గీత దాటిందా, ఎర్ర లైటు.

నా పక్క లేన్‌లో ఒక ఆర్15. 155 సీసీ. పిల్లవాడికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. "ఆల్ ద బెస్ట్ అంకుల్" అన్నాడు. నా ఇంజిన్ వాడి ఇంజిన్‌కు రెట్టింపు కన్నా పెద్దది. పాపం అనుకున్నాను.

పచ్చ లైటు పడింది. అది పచ్చేనా అని చూశాను. పచ్చే. అప్పుడు కదిలాను. రేజ్ సరిపోలేదు, బండి ఒక్క క్షణం గుక్కపట్టిన పసిపిల్లలా ఆగి, తర్వాత అందుకుంది. ఆర్15 అప్పటికే ముందు పోతోంది. చివరిదాకా దగ్గరికి వస్తూనే ఉన్నాను కానీ అందలేదు. చీటీ తీసుకుని చూస్తే నా టైము 16.4, వాడిది 17.1. తప్పు కొట్టారేమోనని అడగబోయాను. మావాడు చేయి పట్టి లాగాడు.

"గడియారం లైటుతోని మొదలు గాదు మామా. నీ చక్రం కదిలినంక మొదలైతది. పచ్చ పడ్డంక నువ్వు సెకనున్నర దాక నిలవడ్డవ్. ఆడు అప్పటికే పోయిండు."

అంటే 402 మీటర్లు వాడికంటే వేగంగా దాటాను, అయినా ఓడిపోయాను. ఈ ఆటలో ఇదొక వింత. లైటు చూసి కదలడానికి పట్టిన సమయం ఒక లెక్క, కదిలాక గీత దాకా పట్టిన సమయం ఇంకో లెక్క. ముందు ఎవరు చేరారో మాత్రం రెండూ కలిపితేనే తేలేది. పచ్చ కోసం చూడకూడదట. మూడో పసుపు వెలగగానే వదిలితే, మన బుర్ర, చెయ్యి, బండి మూడూ కదిలేసరికి పచ్చ పడుతుందట.

రెండోసారి కసిగా పోయాను. మీటర్ మీద ఆర్పీఎం, అంటే నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు, 8,000 దగ్గరికి తెచ్చి క్లచ్ ఒక్కసారిగా వదిలేశాను. ముందు చక్రం లేచింది. రోడ్డు మాయమై ఆకాశం, కరెంటు తీగలు కనిపించాయి. చెయ్యి దానంతటదే రేజ్ మూసేసింది, చక్రం నేల మీద పడిన దెబ్బ మోచేతుల దాకా తెలిసింది. మిగిలిన దూరం షికారు పోయినట్టు పోయాను. ఈసారి 17.3. ఆర్15 పిల్లవాడు నీళ్ల బాటిల్ ఇచ్చాడు, పైసా వెటకారం లేకుండా. అది ఇంకా బాధ.

తర్వాత ఒక అరగంట అంతా ఆగిపోయింది. పక్క ఊరి పిల్లల పతంగి ఒకటి తెగి రోడ్డుకు అడ్డంగా పడింది. దారం ఆ గడ్డిమోపు నుంచి ఈ గడ్డిమోపు దాకా, నడుమెత్తులో. ఎండలో ఒక కోణం నుంచి చూస్తే మెరుస్తుంది, అడుగు పక్కకు జరిగితే కనబడదు. నిర్వాహకుల మనుషులు నలుగురు దాన్ని చేతికి బట్ట చుట్టుకుని లాగారు. నైలాన్ మాంజా. దేశమంతా వాడొద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే ఆదేశించింది. ఏటా సంక్రాంతికి టూవీలర్ల మీద పోయేవాళ్ల గొంతులు కోస్తూనే ఉంది. అక్క మఫ్లరు రెండు చుట్లు ఎందుకు చుట్టిందో అప్పుడు తెలిసింది. పదేళ్ల పిల్లవాడొకడు పొలం గట్టు మీద నిలబడి "అన్నా, నా పతంగి" అని బతిమాలుతున్నాడు. పతంగి ఇచ్చారు, దారం కాల్చేశారు.

ఆ ఖాళీలో సకినాలు నములుతూ మావాడు నా ఎడమచేతి వంక చూశాడు. వేళ్లు వణుకుతున్నాయి.

"మామా, తాత బండి మీద వడ్ల బస్త ఏసుకొని కట్ట ఎక్కిచ్చేటోడినని చెప్పినవు గదా. గప్పుడు ఎట్ల చేసేటోనివి?"

ఆ కథ మాత్రం నిజం. చెరువు కట్ట ఎక్కేటప్పుడు క్లచ్ మొత్తం వదిలితే వెనక బస్తా బరువుకు ముందు చక్రం లేచేది. పూర్తిగా పట్టుకుంటే బండి వెనక్కి జారేది. హాఫ్ క్లచ్ మీద, ఇంజిన్ గొంతు వింటూ, అది బొంగురుపోతే కొంచెం పట్టి, తేలికైతే కొంచెం వదిలి, పైకి చేరాకే చెయ్యి పూర్తిగా తీసేవాణ్ని. పొద్దుటి నుంచి నేను కుడిచేత్తో రేసు చేస్తున్నాను. పని ఎడమచేతి రెండు వేళ్లది.

మూడోసారి ఆర్పీఎం 6,000 దగ్గర పెట్టి ఇక కుడిచేతిని మరచిపోయాను. ఛాతీ ట్యాంకు మీద ఆనించాను. మూడో పసుపుకు వేళ్లు కొద్దిగా వదిలితే బండి వెనక భాగం కొంచెం కిందికి కూర్చుంది. ముందు చక్రం తేలికైనట్టు అనిపించగానే ఒక వెంట్రుకవాసి పట్టాను. మళ్లీ వదిలాను. కట్ట ఎక్కుతున్నట్టే ఉంది. యాభై దాటేసరికి మొదటి గేరు అయిపోయింది. రెండు, మూడు, నాలుగు. గడ్డిమోపులు విడివిడిగా కాక పసుపు గీతలా అయ్యాయి. గాలి చప్పుడులో ఇంజిన్ చప్పుడు కలిసిపోయింది. ఐదో గేరులో ముగింపు గీత దాటేసరికి మీటర్ మీద 139. బ్రేకు వేసి ఆగేదాకా నేను అరుస్తున్నానని నాకు తెలియదు. 15.12.

1999లో లారీ మెక్‌బ్రైడ్ అనే అమెరికన్ ఇదే పావు మైలును మోటార్‌సైకిల్ మీద ఆరు సెకన్లలోపు దాటాడు. ఆ లెక్కన నేను గీత దగ్గరికి వచ్చేసరికి ఆయన దిగి టీ తాగుతుండాలి. ఆ పూట నాకు ఆయన గుర్తుకు రాలేదు, ఇంటికొచ్చాక మావాడు చెప్పాడు.

నాలుగోది అసలు పోటీ. ఓడితే ఇంటికే. ఈసారి ఎదురుగా నా బండిలాంటి ఆర్సీ 390యే, నడిపేది గోదావరిఖని నుంచి వచ్చిన సింగరేణి ఉద్యోగి. నైట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చానన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ చేతులు నిబ్బరంగా ఉన్నాయి. పసుపు, పసుపు. వేళ్లు వదిలాయి. ఇంతకుముందు కంటే బాగా వదిలాయి. బండి ఒక్క కుదుపు లేకుండా, తాడు కట్టి ఎవరో ముందుకు లాగుతున్నట్టు పోయింది. అద్దాలు లేవు కాబట్టి ఆయన ఎక్కడున్నాడో తెలియదు, పక్కన మాత్రం లేడు. గీత దాటి, తిరిగొచ్చి, చీటీ కోసం చెయ్యి చాపాను. 14.86. దాని పక్కనే ఎర్ర గుర్తు. పచ్చ పడటానికి 0.04 సెకన్ల ముందే నా చక్రం గీత దాటిందట. ఆ లైటు నాకు కనబడనే లేదు.

సింగరేణి ఆయన తర్వాత ఇంకో రెండు రౌండ్లు గెలిచాడు. మేము చివరిదాకా ఉండి చూశాం. అద్దాలు బిగించుకుని, గాలి మళ్లీ నింపించుకుని, నాలుగింటికి బయల్దేరాం.

తిరుగు ప్రయాణంలో చెప్పుకోవడానికి ఏమీ లేదు, ఎడమచెయ్యి తప్ప. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా క్లచ్ పట్టుకోవడానికి నాలుగు వేళ్లూ వాడాల్సి వచ్చింది. చీకటి పడ్డాక హన్మకొండ చేరి, చౌరస్తా సిగ్నల్ దగ్గర ఆగాను. అంకెలు తగ్గుతున్నాయి. మూడు, రెండు, ఒకటి. పచ్చ పడింది. వెనక ఆటో అతను హారన్ కొట్టేదాకా అలాగే ఉన్నాను.

ఇంట్లో అక్క నా మెడ మీది మఫ్లరు విప్పుతూ అడిగింది.

"గెలిచినవారా?"

"లేదక్కా. ఎర్ర లైటు పడ్డది."

"ఫోటో కొట్టిన్రా? చలాన్ బండి మీద అత్తదా, నీ పేరు మీద అత్తదా?"