కావలి దగ్గర మా పెరట్లో కోళ్ల గూడు, నాలుగో వారానికి ఎందాకా వచ్చిందంటే

పాత గూడు ఎందుకు పీకేశామో ముందు చెప్తా. అది నేల మీదే కట్టింది, చుట్టూ పల్చటి చికెన్ మెష్, కింద ఉత్త మట్టి. సంక్రాంతి అయిన వారానికి, పొద్దున్నే ఇంకా తలుపు కూడా తీయలా, ముంగిస మెష్ కింద మట్టి గీరి లోపలికి దూరింది, మాయమ్మ అరుపు విని నేను పోయేలోపల మూడు పెట్టలు పోయినాయి. చానా బాధేసింది. కుక్కలూ పిల్లులూ వస్తాయని రాత్రికి గట్టిగా మూస్తాం గానీ ముంగిస పగలు తిరిగేది, తెల్లారితే దాని టైమే. అందుకే ఈసారి డబ్బులు గూటి అడుగుకీ మెష్‌కీ ఖర్చు పెట్టాలని గట్టిగా అనుకున్నా.

సైజు 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. కోడికి 3 చదరపు అడుగులు లెక్కేసుకుంటే 8 కోళ్లకి సరిపోద్ది. జామాయిల్ కర్రలు కాళ్లకి, నేల నుంచి 2 అడుగుల ఎత్తు, చెదలు పట్టకుండా కాళ్ల అడుగున పాత ఇంజన్ ఆయిల్ రెండుసార్లు పూసి ఎండబెట్టినా. కింద చెక్కలు పరిచి పైన రైస్ మిల్లు నుంచి తెచ్చిన ఊక మూడంగుళాలు పోసినా. ఊక తడిస్తే మాత్రం ఆ రోజే తీసేయాలి, కంపు మొదలైందంటే కోడిపిల్లలకి రక్త విరేచనాలు పట్టుకుంటాయి.

రెండో వారం మొత్తం మెష్‌కే పోయింది. అర అంగుళం కన్నం వెల్డ్ మెష్, జీఐది (జింకు పూత ఇనుము), ధర జాస్తే గానీ పల్చటి చికెన్ మెష్‌ని కుక్క పళ్లతో చింపేస్తుంది, దీన్ని చింపలేదు. మేకులు కొట్టి వదిలేయకుండా మెష్ అంచు మీద సన్న చెక్క పట్టీ పెట్టి స్క్రూలు బిగించినా. గూటి ముందు కోళ్లు తిరిగే తావున మెష్‌ని అడుగు వెడల్పున బయటికి మడిచి మట్టిలో పూడ్చి పైన ఇటుకలు పేర్చినా, ఇక గీరినా మెష్ తగులుద్ది. ఆ తావుకి పైన కూడా వల కట్టేసినా, 2024 ఫిబ్రవరిలో మన నెల్లూరు జిల్లాలో పొదలకూరు, కోవూరు మండలాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది కదా, అప్పటి నుంచి కాకులూ కొంగలూ మేత గిన్నె మీద వాలడం చూస్తే నాకు భయం.

పొడవు తూర్పు పడమరలుగా పెట్టినా. తూర్పు వైపు చెక్క, ఎందుకంటే కార్తీకంలో వాన జల్లు ఆ పక్క నుంచే కొడుద్ది, పడమర కూడా చెక్కే, ఎండాకాలం వడగాడ్పు అటు నుంచే. దక్షిణం, ఉత్తరం మెష్, ఉత్తరానికి దించుకునే గోనె పట్టా. పైన సిమెంటు రేకు, దాని మీద తాటాకు, లేకపోతే రోహిణి కార్తెలో కోళ్లు ఉడికిపోతాయి. 2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుపానప్పుడు పాత గూటి రేకు ఎగిరి పక్కింటోళ్ల దొడ్లో పడింది, అందుకే ఈసారి రేకుని జె బోల్టులతో బిగించి పైన తాళ్లతో కూడా కట్టినా.

లోపల పడుకునే కర్ర ఒకటే, 6 అడుగులది, రెండంగుళాల లావు, కోడికి 9 అంగుళాలు వస్తది. గుడ్లు పెట్టే డబ్బాల కంటే అది ఎత్తుగా ఉండాలి, లేకపోతే కోళ్లు పోయి డబ్బాల్లోనే పడుకుని రెట్టేస్తాయి. నాకు మొదటి రెండు రాత్రులు అదే జరిగింది, కర్ర తీసి పైకి బిగించినాక సరిపోయింది. డబ్బాలు అడుగు చదరంవి రెండు చాలు.

కోళ్లకొచ్చే కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా మాత్రం వదలొద్దు. కోడిపిల్లలకి ఏడో రోజు లసోటా టీకా కంట్లో చుక్క, ఎనిమిదో వారం ఆర్‌టూబీ, అదీ ఆ తెగులు టీకానే. సీసా వంద డోసులది, కలిపినాక ఆ పూటే వాడేయాలి, అందుకని మా వీధిలో నాలుగిళ్లోళ్లం ఒకే రోజు పెట్టుకుని ఐసు ఫ్లాస్కులో తెచ్చుకుంటాం.

మిగిలింది తలుపు గడియ. ఇప్పుడున్నది ఒట్టి కొక్కెం, దానికి స్ప్రింగ్ గడియ మార్చాలి. నల్లపెట్ట నిన్నటి నుంచి డబ్బాలోంచి దిగడంలా, 11 గుడ్లు పెట్టి పొదగేసినా, 21 రోజుల లోపల పిల్లలకి వేరే అర కట్టేయాలి.