ఊయల పడక మీది అంకె

2018లో లూకాస్ పోప్ రూపొందించిన 'రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్' అనే వీడియో ఆటను తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంట్లో, బావతో కలిసి, వారం రోజులపాటు రాత్రిళ్లు ఆడాను. 1807లో మనిషన్నవాడు లేకుండా తిరిగివచ్చిన ఓడలోని 60 మంది ఎవరెవరో, వారికి ఏమైందో ఈస్టిండియా కంపెనీ బీమా పరిశీలకుడిగా మనమే తేల్చాలి. ముగ్గురి వివరాలు సరిపోయినప్పుడే ఆట వాటిని ఖరారు చేస్తుంది గనుక గుడ్డిగా ఊహించి నెట్టుకురావడం కష్టం. ఈ నియమమే నాకు అన్నిటికంటే నచ్చింది. ఊయల పడక మీది అంకెను నావికుల జాబితాతో పోల్చి ఒక పేరు పట్టుకున్న రాత్రి నేను నిజంగా పొంగిపోయాను. బావకు మాత్రం నలుపు తెలుపు చుక్కల బొమ్మలు కళ్లకు శ్రమ అనిపించాయి. ఆ మాట కాదనలేను. అయితే ఆ జాబితాలో మన దేశపు నావికులు కూడా ఉన్నారనీ, వారిలో ఇద్దరు జబ్బుపడి చనిపోయారనీ తెలిసినప్పుడు, ఇద్దరమూ ఆట ఆపి కాసేపు మాట్లాడకుండా కూర్చున్నాము.