టవర్‌తో మాట్లాడటం నాకు ఎలా వచ్చిందంటే

విమానం నడపడం నాకు తొందరగానే పట్టుబడింది, రేడియోలో మాట్లాడటమే రాలేదు. బేగంపేటలో ట్రైనింగ్ అవుతున్న రోజుల్లో సెస్నా 152 అనే చిన్న విమానంలో కూర్చుని రేడియో బటన్ నొక్కగానే నోరు ఎండిపోయేది. చిన్నప్పట్నుంచీ ఇంగ్లిష్ మీడియమే. అయినా టవర్ వాళ్లు, అంటే విమానాశ్రయం నుంచి విమానాలకి ఆదేశాలిచ్చే కంట్రోలర్లు, గబగబా చెప్పే ఆ నాలుగు ముక్కలు హెడ్‌సెట్‌లో గరగరమంటూ వస్తుంటే ఇది అసలు ఇంగ్లిషేనా అనిపించేది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. గాలిని బట్టి మా రన్‌వేని ఏదో ఒక వైపు నుంచి వాడతారు, పడమర ముఖంగా దిగితే అది 27, తూర్పు ముఖంగా దిగితే 09. రన్‌వే పక్కగా, దిగే దిశకి ఎదురు దిశలో వెళ్లేది డౌన్‌విండ్, అక్కడి నుంచి అడ్డంగా తిరిగితే బేస్, రన్‌వేకి తిన్నగా వచ్చేస్తే ఫైనల్. ఎక్కడున్నామో మనం చెప్పాలి, వాళ్లిచ్చిన ఆదేశాన్ని బళ్లో పాఠంలా తిరిగి అప్పజెప్పాలి. ఊరికే రోజర్ అంటే కుదరదు, రోజర్ అంటే విన్నాను అని మాత్రమే. ఫైవ్, నైన్ రేడియోలో ఒకేలా వినిపిస్తాయని ఫైఫ్ అనీ నైనర్ అనీ పలకాలి. మొదట్లో నవ్వొచ్చేది.

నవ్వు పోయిన రోజు నాకు బాగా గుర్తుంది. మా విమానం పేరు చివర పాపా డెల్టా (రేడియోలో P, D అక్షరాల్ని అలా పలుకుతారు), ఆ రోజు ముందు వెళ్తున్న దాని చివర డెల్టా పాపా. నేను డౌన్‌విండ్‌లో ఉన్నాను, వాళ్లు ఫైనల్లో. టవర్ “డెల్టా పాపా, రన్‌వే టూ సెవెన్, క్లియర్డ్ టు ల్యాండ్” అంది. దిగొచ్చనే ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నానేమో, నాకు చెప్పినట్టే వినిపించింది, ఠక్కున బటన్ నొక్కి అప్పజెప్పేశాను. అదే క్షణంలో వాళ్లూ నొక్కారు. రెండు గొంతులు ఒకేసారి పడితే మాటలు రావు, వినేవాళ్ల చెవిలో కీచుమని ఒక అరుపు వస్తుంది, అంతే. టవర్ సే అగైన్ అని అడిగి, విషయం అర్థమయ్యాక “పాపా డెల్టా, నెగటివ్, కంటిన్యూ డౌన్‌విండ్, నంబర్ టూ” అంది, అంటే దిగే వరుసలో నేను రెండోవాణ్ని. గొంతులో కోపం కూడా లేదు. పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ సార్ కిందకి దిగేదాకా ఒక్క మాట అనలేదు.

దిగాక హర్యానాలో చర్ఖీ దాద్రీ దగ్గర జరిగిన ప్రమాదం గురించి చెప్పారు. 1996 నవంబర్ 12న కజకిస్థాన్ విమానాన్ని 15,000 అడుగుల దగ్గర ఉండమన్నారు, అది ఇంకా కిందకి దిగి, 14,000 దగ్గరున్న సౌదీ 747ని ఢీకొంది. 349 మంది పోయారు. “చెప్పింది వినడం వేరు, అనుకున్నది వినడం వేరు” అని లేచి టీకి వెళ్లిపోయారాయన.

ఆ సాయంత్రమే మా డాబా మీద సుద్దముక్కతో సర్క్యూట్, అంటే డౌన్‌విండ్, బేస్, ఫైనల్ అంటూ రన్‌వే చుట్టూ తిరిగే దారి, గీశాను. నేను దాని మీద నడుస్తూ రిపోర్టు చేయడం, చెల్లి నీళ్ల ట్యాంకు పక్కన కుర్చీ వేసుకుని టవర్. దానికి స్క్రిప్టు రాసిస్తే రెండో రోజే పక్కన పడేసింది. నేను సరిగ్గా ఫైనల్లో ఉండగా “అన్నయ్యా, గో అరౌండ్! కుక్క అడ్డొచ్చింది!” అని అరిచేది. గో అరౌండ్ అంటే దిగకుండా మళ్లీ పైకెక్కి ఇంకో చుట్టు తిరిగి రమ్మని. పక్కింటి ఆంటీ అమ్మని ఏమడిగిందో చెప్పక్కర్లేదు. కానీ పది రోజులకి ఒక సంగతి తెలిసింది: ఏ చోట ఏ మాట రావొచ్చో ముందే తెలిస్తే వినాల్సింది సగానికి తగ్గుతుంది. మిగతా సగం ఎవర్ని పిలిచారు, ఏ అంకె చెప్పారు, ఆ రెండే. అవి మాత్రం ఊహించకూడదు, మోకాలి మీద కట్టుకున్న కాగితం మీద గీకి పెట్టుకోవడమే.

సోలో తర్వాత ఒకరోజు ఒక్కణ్నే ఫైనల్లో వస్తుంటే, ముందు దిగిన విమానం రన్‌వే ఖాళీ చేయడం ఆలస్యమైంది. “పాపా డెల్టా, గో అరౌండ్.” చెయ్యి ముందు థ్రాటిల్ మీదకే వెళ్లింది, పూర్తిగా నెట్టి, ముక్కు పైకెత్తి, విమానం ఎక్కడం మొదలయ్యాకే “గోయింగ్ అరౌండ్, పాపా డెల్టా” అన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో చెవిలో చెల్లి గొంతే వినిపించింది. రెండోసారి మామూలుగానే దిగాను.

సార్ కింద చేతి రేడియోలో అంతా విన్నారట. మెచ్చుకుంటారేమో అని దగ్గరికి వెళ్లాను. “రెండోసారి ల్యాండింగ్ క్లియరెన్స్ అప్పజెప్పేటప్పుడు రన్‌వే నంబర్ మింగేశావేంటయ్యా?” అన్నారు.